మూయని గొయ్యి – అడగవలసిన నష్టపరిహారము



అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కొందరికి గత కొన్నేళ్లలో ఒక రకమైన ఉత్తరము వచ్చింది. మీ కారులో ఫలానా భాగము లోపముతో తయారైనది, కంపెనీ మీద అందరి తరపున వేసిన దావా రాజీ అయినది, మీకు రావలసిన సొమ్ము కొరకు ఈ ఫారము నింపి పంపవలెను అని ఆ ఉత్తరాల సారాంశము. కొందరు అది మోసమనుకొని చించి పారేస్తారు. కొందరు తీరిక లేక వదిలేస్తారు. విశ్వాసులలో కొందరు మాత్రము మరో కారణము చెబుతారు: "దేవుడిచ్చినది మనకు చాలును. కోర్టు సొమ్ము మనకెందుకు? విశ్వాసి అన్యాయమును ఓర్చుకొనవలెను గదా!"

మాట వినడానికి భక్తిగానే ఉంది. అయితే అది వాక్యానుసారమైన మాటేనా? నష్టపరిహారము అడగడము ధనాపేక్షా, లేక న్యాయమా? ఈ నెల మనము ఒక నిజమైన కేసును ఎదుట పెట్టుకొని ఈ సంగతి పరిశీలించుదము. అది టకాటా ఎయిర్‌బ్యాగుల కేసు. కార్ల చరిత్రలో ఒక భాగము విషయమై ఇంత పెద్ద ఎత్తున వాహనాలను వెనక్కు పిలిచినది మరొకటి లేదు.

ప్రాణము కాపాడవలసినదే ప్రాణము తీసింది

టకాటా జపాను దేశపు కంపెనీ. 1933లో నేత పనితో మొదలైంది. తరువాత సీటు బెల్టులు, ఆ తరువాత ఎయిర్‌బ్యాగులు తయారు చేసింది. కారు దేనినైనా గట్టిగా గుద్దుకొన్నప్పుడు స్టీరింగులో మడిచి ఉన్న సంచి రెప్పపాటు కంటే తక్కువ కాలములో ఉబ్బి, మనిషి తల, రొమ్ము స్టీరింగుకు కొట్టుకోకుండా కాపాడుతుంది. ఆ సంచిని ఉబ్బించే లోహపు డబ్బాను ఇన్‌ఫ్లేటర్ అంటారు. దానిలో మందు బిళ్లలు ఉంటాయి. అవి మండగా పుట్టిన వాయువు సంచిని నింపుతుంది.

టకాటా ఆ బిళ్లలలో అమోనియం నైట్రేట్ వాడింది. అది తేమను పీల్చుకొనే పదార్థము. ఏళ్ల తరబడి పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి, తేమ తగిలి ఆ బిళ్లలు పాడైపోతూ వచ్చాయి. అలా పాడైన బిళ్లలు ప్రమాద సమయములో ఉండవలసిన దానికంటే వేగముగా మండేవి. ఆ ఒత్తిడికి డబ్బాయే బద్దలై, దాని ముక్కలు కారు నడిపేవారి ముఖము మీదికి, మెడ మీదికి దూసుకొని వచ్చేవి. 2009లో ఒక్లహోమా రాష్ట్రములో ఒక యౌవనస్థురాలు ఇలాగే చనిపోయింది. కారుకు తగిలిన దెబ్బ చిన్నదే. ఆమె దిగి ఇంటికి నడిచి వెళ్లవలసిన ప్రమాదము అది. ఆమెను చంపింది కాపాడవలసిన ఎయిర్‌బ్యాగే.

అమెరికాలో మాత్రమే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను మార్చవలసి వచ్చింది. ప్రపంచమంతటా చూస్తే ఆ సంఖ్య 10 కోట్ల వరకు ఉంటుంది. అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థ 2024 నాటికి ఆ దేశములో 28 మరణాలను ధ్రువపరచింది. గాయపడినవారు 400 మందికి పైగా ఉన్నారు. ఫ్లోరిడా, టెక్సాస్ వంటి ఉక్కపోత రాష్ట్రాలలో అపాయము ఎక్కువ.

ఇందులో మిక్కిలి బాధాకరమైన సంగతి వేరే ఉంది. లోపము ఎవరికీ తెలియక జరిగినది కాదు. సుమారు 2000 నుండి 2015 వరకు టకాటా తన ఇన్‌ఫ్లేటర్ల పరీక్షా ఫలితాలను మార్చి కార్ల కంపెనీలకు ఇచ్చింది. 2017లో అమెరికా న్యాయస్థానములో తన నేరము తానే ఒప్పుకొన్నది. మొత్తము 100 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అందులో జరిమానా 2 కోట్ల 50 లక్షలు, గాయపడినవారికి, చనిపోయినవారి కుటుంబాలకు 12 కోట్ల 50 లక్షలు, మోసపోయిన కార్ల కంపెనీలకు 85 కోట్లు. అదే సంవత్సరము జూను నెలలో ఆ కంపెనీ దివాలా తీసింది.

మోషే ధర్మశాస్త్రములో ఈ కేసు

మోషే కాలములో కార్లు లేవు. ఎద్దులు, గోతులు, మిద్దెలు ఉన్నాయి. అయినను ధర్మశాస్త్రము ఈ కేసును ముందే విచారించినట్లు కనిపిస్తుంది. నిర్గమకాండము 21:33-34 తెరచి చూడండి. ఒకడు గొయ్యి త్రవ్వి మూయకుండా వదిలితే, పొరుగువాని పశువు అందులో పడి చస్తే, ఆ నష్టము గొయ్యి త్రవ్వినవాడే కట్టవలెను. గొయ్యి నా కోసమే త్రవ్వుకొన్నాను, నీ గాడిదను నీవే చూసుకోవలసింది అంటే దేవుని యెదుట చెల్లదు.

అదే అధ్యాయములో 28, 29 వచనాలు ఇంకొక మెట్టు పైకి వెళతాయి. ఎద్దు ఎన్నడూ పొడవనిది అకస్మాత్తుగా పొడిచిందంటే యజమానుని మీద నేరము లేదు. అయితే అది పొడిచే ఎద్దని అతనికి ముందే తెలిసియుండి, ఇతరులు హెచ్చరించినా కట్టివేయకపోతే, ఆ రక్తాపరాధము అతని మీదికి వస్తుంది. 30వ వచనములో అట్టివాడు తన ప్రాణమునకు బదులు పరిహారము చెల్లించే మార్గము కూడా చెప్పబడింది. తెలియక జరిగిన నష్టము వేరు, తెలిసి దాచిన నష్టము వేరు. ఈ తేడాను మన దేవుడు సీనాయి కొండ దగ్గరే స్థిరపరచాడు. పరీక్షా ఫలితాలు మార్చిన కంపెనీ ఈ రెండింటిలో ఎక్కడ నిలుస్తుందో పాఠకులే చెప్పగలరు.

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ ఉంది. వస్తువు తయారు చేసేవాడు దానిని వాడేవాని ప్రాణమునకు బాధ్యుడు అనే నియమము దీనిలో ఇమిడి ఉంది. కాబట్టి నష్టపరిహారము అనే మాట లాయర్లు కనిపెట్టినది కాదు. అది పరిశుద్ధ గ్రంథములోనిదే.

అందరి తరపున ఒక దావా

ఇక ఆ ఉత్తరము సంగతికి వద్దాము. కారు భాగములో లోపము ఉన్నదని తెలిసిన తరువాత ఒక్కొక్క యజమానికి కలిగిన నష్టము చిన్నదే. సర్వీసు సెంటరు చుట్టూ తిరిగిన ఖర్చు, ఒకటి రెండు రోజుల జీతము, అద్దె కారు డబ్బులు అంతే. ఇంత చిన్న మొత్తము కోసము ఏ ఒక్కడూ పెద్ద కంపెనీ మీద దావా వేయలేడు. లాయరు ఫీజే ఎక్కువవుతుంది. ఈ కారణముగా అమెరికా చట్టము క్లాస్ యాక్షన్ అనే పద్ధతిని ఏర్పరచింది. కొద్దిమంది ముందుకు వచ్చి, తమలాగే నష్టపోయిన లక్షలాది మంది తరపున ఒకే దావా వేస్తారు. రాజీ కుదిరితే న్యాయాధిపతి అది అందరికీ న్యాయమైనదో కాదో విచారించి ఆమోదించవలెను. లాయర్ల ఫీజు కూడా న్యాయాధిపతి చేతుల మీదుగానే నిర్ణయమవుతుంది.

ఇది చదువుతున్నప్పుడు మాకు సంఖ్యాకాండము 27వ అధ్యాయము జ్ఞాపకము వచ్చింది. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు. తండ్రి చనిపోయాడు, అన్నదమ్ములు లేరు, ఆస్తిలో వంతు లేదు. వారు ఇంట్లో కూర్చుండి ఏడవలేదు, మోషే మీద సణగలేదు. అయిదుగురు కలిసి ప్రత్యక్షపు గుడారము ద్వారము దగ్గర మోషే యెదుట, యాజకుని యెదుట, సమాజమంతటి యెదుట నిలిచి తమ వంతు అడిగారు. వారు అడిగినది న్యాయమేనని దేవుడే సెలవిచ్చాడు. అంతేకాదు, వారి విన్నపము మూలముగా ఇశ్రాయేలులో అట్టి స్థితిలో ఉండే ప్రతి కుమార్తెకు అది కట్టడ అయింది. అయిదుగురు అడిగితే ఎందరికో మేలు కలిగింది.

టకాటా విషయములో యజమానుల దావాలన్నీ ఫ్లోరిడాలోని మయామి ఫెడరల్ న్యాయస్థానములో ఒక్కచోట చేర్చబడ్డాయి. 2017లో టొయోటా, బి.ఎం.డబ్ల్యు., మాజ్డా, సుబారు కంపెనీలు కలిసి 55 కోట్ల 30 లక్షల డాలర్లకు, నిస్సాన్ 9 కోట్ల 77 లక్షలకు, హోండా 60 కోట్ల 50 లక్షలకు రాజీపడ్డాయి. 2018లో ఫోర్డ్ 29 కోట్ల 91 లక్షలకు రాజీపడింది. ఆ సొమ్ము నుండి కారు యజమానులు తాము పెట్టుకొన్న సమంజసమైన ఖర్చులు అడగవచ్చునని ఏర్పాటైంది. అద్దె కారు, కారును లాగించుకొని వెళ్లిన ఖర్చు, ఆ సమయములో పిల్లలను చూసుకొన్నవారికి ఇచ్చిన డబ్బు, పోగొట్టుకొన్న జీతము వంటివి ఇందులో చేరతాయి. మిగిలిన సొమ్ములో నుండి ఒక్కొక్కరికి 500 డాలర్లకు మించకుండా పంచే ఏర్పాటు కూడా చేశారు. పాత కారు కొన్నవారు కూడా లెక్కలోనివారే. గాయపడినవారి దావాలు, చనిపోయినవారి కుటుంబాల దావాలు ఈ రాజీలో కలపలేదు. వారి దారి వేరుగా ఉంచారు.

ఇంకొక సంగతి గమనించండి. ఆ సొమ్ములో కొంత భాగము ఇంకా మరమ్మతు చేయించుకొనని యజమానులను వెదకి, ఫోను చేసి, ఉత్తరము వ్రాసి, ఇంటికి వెళ్లి చెప్పడానికి కేటాయించారు. అంటే దావా వేసినవారు తమ జేబు నింపుకోవడమే కాదు, గొయ్యి మూయించే పనికి కూడా తోడ్పడ్డారు.

"అన్యాయము సహింపరాదా?"

1 కొరింథీయులకు 6:1-8లో అపొస్తలుడైన పౌలు విశ్వాసులను గద్దించిన మాట నిజమే. మోసమును ఓర్చుకొనడమే మేలు కాదా అని అడిగిన మాట కూడా నిజమే. దానిని మేము తేలికగా తీసివేయము. అయితే అక్కడ పౌలు ఎవరిని గూర్చి మాట్లాడుతున్నాడు? ఒక సహోదరుడు మరియొక సహోదరుని మీద అవిశ్వాసుల యెదుట వ్యాజ్యెమాడడమును గూర్చి. సంఘపు కుటుంబ తగవు వీధిలోనికి రావద్దని ఆయన బాధ. అదే పౌలు ఫిలిప్పీలో అన్యాయముగా కొట్టబడినప్పుడు, రహస్యముగా వెళ్లిపొమ్మంటే ఒప్పుకొనలేదు. అధికారులే వచ్చి బయటికి తీసికొని పోవలెనన్నాడు (అపొ. కార్య. 16:37). ఫేస్తు యెదుట కైసరుకు అప్పీలు చేసుకొన్నాడు (అపొ. కార్య. 25:11). చట్టము ఇచ్చిన హక్కును వాడుకొనడము అవిశ్వాసమని ఆయన అనుకొనలేదు.

మన సొంత నష్టమును వదులుకొనే స్వాతంత్ర్యము మనకు ఉంది. ఒక విశ్వాసి ప్రార్థించి, ఈ కొద్ది సొమ్ము నాకు వద్దు అనుకొంటే అతనిని ఎవరూ తప్పుపట్టరాదు. కానీ పొరుగువాని పిల్లవానికి కలుగబోయే నష్టమును వదిలిపెట్టే స్వాతంత్ర్యము మనకు లేదు. ఎవరూ అడగకపోతే గొయ్యి అలాగే ఉంటుంది. మన ఓర్పు పేరుతో మరొకరు అందులో పడరాదు.

క్షమించినవాడు పరిహారము పుచ్చుకోవచ్చునా అని కూడా కొందరు అడుగుతారు. లూకా 19వ అధ్యాయములో జక్కయ్య నాలుగంతలు తిరిగి చెల్లిస్తానన్నాడు. ఆ సొమ్ము పుచ్చుకొన్నవారు క్షమించనివారని ప్రభువు అనలేదు. ఇచ్చుట జక్కయ్య మారుమనస్సుకు గుర్తు. పుచ్చుకొనుట మోసపోయినవారి న్యాయమైన వంతు. హృదయములో పగ లేకుండానే చేయి చాపి మన వంతు తీసికొనవచ్చును.

ఫారము నింపే చేయి

అయితే అసలు పరీక్ష ఇక్కడే ఉంది. ఇటువంటి ఫారములలో అడుగున ఒక వాక్యము ఉంటుంది. పైన వ్రాసినది సత్యమని, అబద్ధమైతే శిక్షకు లోబడతామని సంతకము పెట్టవలెను. ఒక్క రోజు జీతము పోతే మూడు రోజులని వ్రాయాలనిపిస్తుంది. అద్దె కారు తీసికొనకపోయినా తీసికొన్నట్టు వ్రాయమని స్నేహితుడు చెబుతాడు. కంపెనీ కోట్లు సంపాదించింది, మనము నూరు డాలర్లు ఎక్కువ వ్రాస్తే ఏమిటి అంటాడు.

ఆ సొమ్ము నిజానికి ఎవరిది? ఒక రాజీకి ఇంత మొత్తమని నిర్ణయమైన తరువాత, ఒకరు ఎక్కువ లాగితే అది కంపెనీ జేబులో నుండి పోదు, మన తోటివారి వంతులో నుండి పోతుంది. దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 బోధిస్తుంది. పరీక్షా పత్రములో అబద్ధపు అంకె వ్రాసిన కంపెనీకి, క్లెయిము పత్రములో అబద్ధపు అంకె వ్రాసిన విశ్వాసికి మొత్తములో తేడా ఉండవచ్చును, పాపములో తేడా లేదు. సెలోపెహాదు కుమార్తెలు తమ తండ్రి వంతు అడిగారు, మరొకరి వంతు అడగలేదు. తరువాత 36వ అధ్యాయములో వారికి ఒక హద్దు పెట్టబడితే దానికి కూడా లోబడ్డారు.

కాబట్టి కొన్ని జాగ్రత్తలు చెప్పుచున్నాము. రసీదులు దాచుకోండి. సర్వీసు సెంటరు ఇచ్చిన కాగితము మీద తేదీ ఉన్నదో లేదో చూసుకోండి. ఉన్నది ఉన్నట్టు వ్రాయండి. గడువు తేదీ దాటనివ్వకండి. ఏమీ చేయకుండా ఊరుకొంటే సాధారణముగా సొమ్మూ రాదు, మరలా అదే విషయమై దావా వేసే హక్కూ పోతుంది. రాజీలో ఉండనక్కరలేదనుకొంటే గడువులోగా వ్రాతపూర్వకముగా తప్పుకొనవచ్చును, న్యాయముగా లేదనుకొంటే అభ్యంతరము తెలుపవచ్చును. క్లెయిము వేయడానికి ఎవరైనా ముందు ఫీజు కట్టమన్నా, బ్యాంకు రహస్య సంఖ్య అడిగినా అది మోసమని తెలుసుకోండి. ఉత్తరములో ఉన్న న్యాయస్థానము పేరు, కేసు సంఖ్య సరిచూసుకొన్న తరువాతే ముందుకు వెళ్లండి.

సొమ్ము కంటే ముందు

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. లోపమున్న భాగమును ఉచితముగా మార్చి ఇవ్వవలసిన బాధ్యత కంపెనీది. నష్టపరిహారపు ఫారము నింపి, భాగము మార్పించుకొనక తిరిగేవాడు బుద్ధిమంతుడు కాడు. అమెరికాలో 2001 నుండి 2003 వరకు తయారైన కొన్ని హోండా, అక్యురా కార్ల ఇన్‌ఫ్లేటర్లు, ప్రమాదములో తెరచుకొంటే బద్దలయ్యే అవకాశము నూటికి 50 వరకు ఉన్నదని 2016లో అక్కడి ప్రభుత్వము హెచ్చరించింది. అయినను కొన్ని కార్లు మరమ్మతు లేకుండానే తిరుగుతూ వచ్చాయి. ఎందుకు? అవి పాత కార్లు. చేతులు మారినవి. రీకాల్ ఉత్తరము పాత యజమాని పాత ఇంటికి వెళ్లింది. ఇప్పుడు నడుపుతున్నవాడు చేతిలో డబ్బులేక పాత కారు కొనుక్కొన్న పేదవాడో, విద్యార్థో అయి ఉంటాడు.

చదువు కోసము వెళ్లిన మన పిల్లలలో చాలామంది అక్కడ మొదట కొనేది పాత కారే. తల్లిదండ్రులారా, ఫోనులో భోజనము చేశావా, ఆరాధనకు వెళ్లావా అని అడుగుతారు గదా! నీ కారు మీద రీకాల్ ఏమైనా ఉన్నదేమో చూశావా అని కూడా ఒక్కసారి అడగండి. ప్రతి కారుకు 17 అక్షరాలు, అంకెలు గల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో ఆ సంఖ్య కొడితే రీకాల్ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

మన దేశములో

ఈ గొయ్యి మన దేశములో కూడా ఉంది. టకాటా ఇన్‌ఫ్లేటర్ల కారణముగానే 2016లో హోండా కంపెనీ మన దేశములో సుమారు 1 లక్షా 90 వేల కార్లను వెనక్కు పిలిచింది. మన కోస్తా జిల్లాల గాలి కూడా వేడి, తేమ కలిసిన గాలే. పాత కారు ఉన్నవారు ఆర్.సి. మీద ఉన్న ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ అధీకృత సర్వీసు సెంటరులో విచారించుకొనవలెను.

చట్టము కూడా మారింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టములోని 110-ఎ సెక్షను ప్రకారము, ప్రాణహాని కలిగించే లోపమున్న వాహనాలను వెనక్కు పిలవమని కేంద్ర ప్రభుత్వము కంపెనీని ఆదేశించవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టములోని 35వ సెక్షను ప్రకారము, ఒకే రకమైన నష్టము పొందినవారు కమిషన్ అనుమతితో అందరి తరపున ఫిర్యాదు వేయవచ్చును. ఒక్కరే వెళ్లినా కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది. చెల్లించిన వెల 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చును. నష్టము జరిగిన 2 సంవత్సరాలలోగా వేయవలెను. సలహా కొరకు 1915 అనే జాతీయ నంబరుకు ఫోను చేయవచ్చును.

2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ సందర్భములో చెప్పదగినది. ఒక హ్యుందాయ్ క్రెటా కారు 2017లో ప్రమాదానికి గురైనప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరచుకొనలేదు. యజమాని కమిషన్‌కు వెళ్లాడు. దెబ్బ తగినంత బలముగా తగలలేదని కంపెనీ వాదించింది. ఢీకొన్న వేగము, బలము లెక్కకట్టడానికి కొనుగోలుదారుడు భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదని న్యాయస్థానము అభిప్రాయపడింది. 3 లక్షల రూపాయల పరిహారము, వాహనము మార్చి ఇవ్వడము అనే క్రింది తీర్పును స్థిరపరచింది. ఒక్క మనిషి ఓపికగా అడిగినందువలన కలిగిన ఫలము అది. లూకా 18వ అధ్యాయములోని విధవరాలు మనకు జ్ఞాపకము రావడము లేదా?

ప్రియులారా, పరిహారము పోయిన ప్రాణమును తిరిగి తేలేదు. డాలర్ల లెక్క ఏ తల్లి కన్నీటికీ సరిపోదు. ఆ ఆదరణ ప్రభువు దగ్గరే దొరుకుతుంది. అయినను దేవుడు తన ధర్మశాస్త్రములో గోతికి మూత, మిద్దెకు పిట్టగోడ, నష్టమునకు పరిహారము నియమించాడంటే, మన పొరుగువాని ప్రాణము ఆయన దృష్టికి ఎంత విలువైనదో ఆలోచించండి. ఈ నెలలో ప్రతి కుటుంబము తమ వాహనము సంగతి, దూరదేశములో ఉన్న తమ పిల్లల వాహనము సంగతి విచారించుకొనవలెనని మా మనవి. సంఘములో చదవడము రానివారికి, వయసు మళ్లినవారికి యౌవనస్థులు ఈ విషయములో సాయపడండి. రావలసినది సత్యముగా అడగండి, రానిదానికి చేయి చాపకండి.

మన రాకపోకలయందు ప్రభువు మనలను కాపాడును గాక! ఆమేన్.